పాప కావాలన్న పిల్ల

నన్ను పోలీసులు పిలిచింది నా తెలుగు కోసం. ఈ సంగతి అప్పట్లో పది మందికి గొప్పగా చెప్పుకున్నాను. దాని రెండో సగం మాత్రం ఇంతవరకూ ఎవరికీ పూర్తిగా చెప్పలేదు.

సునామీ తర్వాత వచ్చిన మొదటి వానాకాలం. దక్షిణాన ఉన్న దీవుల నుంచి ఓడల్లో తెచ్చిన కుటుంబాలు అప్పటికి ఇంకా రేకుల షెల్టర్లలోనే ఉన్నాయి. వాన పడితే ఆ రేకుల కింద మనిషి మాట మనిషికి వినపడదు. భూమి ఇంకా ఉండుండి కదులుతూనే ఉంది. మేం ఊళ్ళో ఉన్నవాళ్ళం కూడా చెప్పులు గుమ్మం దగ్గర బయటికి తిప్పిపెట్టి పడుకునేవాళ్ళం, లేచిన కాలు నేరుగా అందులో పడేలా.

అలాంటి ఒక షెల్టరు నుంచి ఏడేళ్ళ పిల్లను ఆసుపత్రికి తెచ్చారు. ఎడమ మణికట్టు విరిగింది. మెడ మీద పెద్దవాళ్ళ వేళ్ళ అచ్చులు. తల్లీ తమ్ముడూ అలలో పోయారు. మిగిలింది తండ్రి ఒక్కడే. సాయంత్రమైతే అతను తాగుతాడని షెల్టర్లో అందరూ చెప్పారు. పిల్ల రెండు రోజులు నోరు తెరవలేదు. మూడో రోజు నర్సును మంచినీళ్ళు అడిగింది, తెలుగులో. కేసు చూస్తున్న ఎస్సై ఈ దీవుల్లోనే పుట్టి పెరిగిన హిందీ మనిషి, ఆడమనిషి. తెలుగు రాదు. ఎవరో నా పేరు చెప్పారు. అప్పటికి పన్నెండేళ్ళుగా పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు పిల్లలకు పాఠాలు చెప్తున్నాను.

"నీ నోటికి పోలీసులు తట్టుకోగలరా అని నా బెంగ," అన్నారు మావారు. అబర్డీన్ బజార్‌లో ఇనుప సామాను దుకాణం ఆయనది. రోజంతా బేరగాళ్ళతో మాట్లాడకుండా మిగుల్చుకున్న మాటలన్నీ ఇంటికొచ్చి నా మీద ఖర్చుపెడతారు.

"తట్టుకోలేకపోతే వాళ్ళే నన్ను లోపలేస్తారు. మీకు సుఖం," అని బయల్దేరాను.

స్టేషన్ వెనక గదిలో ఒక బల్ల, మూడు కుర్చీలు, మూడు గాజు గ్లాసుల్లో నీళ్ళు. పిల్ల రాకముందే ఎస్సై నాకు పాఠం మొదలుపెట్టింది.

"దీదీ, నేనడిగింది అడగండి. పిల్ల చెప్పింది చెప్పినట్టు నాకు చెప్పండి. మీ తరఫున ఏమీ కలపొద్దు. ఇంకొకటి, మీ మొహంలో ఏమీ కనపడనివ్వొద్దు."

"పన్నెండేళ్ళుగా పిల్లలతోనే ఉన్నాను మేడమ్. ఎలా మాట్లాడాలో నాకు నేర్పక్కర్లేదు."

"అందుకే చెప్తున్నాను. టీచర్లకు జవాబు ముందే తెలిసి ఉంటుంది."

నాకు ఒళ్ళు మండింది. అయినా ఊరుకున్నాను. ఊరుకోవడమంటే నా లెక్కలో, నోరు మూసుకుని మొహంతో మాట్లాడటం.

పిల్ల వచ్చింది. నల్లగా, సన్నగా, కట్టు కట్టిన చేతిని రెండో చేత్తో పట్టుకుని, అది తనది కాదన్నట్టు, ఎవరో దాచమని ఇచ్చారన్నట్టు. కుర్చీ చివర కూర్చుంది. కాళ్ళు నేలకు అందలేదు.

"చేతికి ఏమైందో అడగండి," అంది ఎస్సై.

అడిగాను. పిల్ల గ్లాసులో నీళ్ళ వంక చూస్తూ కూర్చుంది. చాలాసేపటికి, "తిప్పీసినాడు," అంది.

"ఎవరు?"

"బాబు."

మా అమ్మ వాళ్ళది శ్రీకాకుళం జిల్లా. అక్కడ చాలా ఇళ్ళల్లో నాన్నను బాబు అంటారు. మా అమ్మ తన తండ్రిని పోయేదాకా "మా బాబు" అనే అంది. ఆ ఒక్క మాటతో నాకు కథంతా కళ్ళకు కట్టేసింది. నాకు తెలిసిన తాగుబోతు తండ్రులంతా వరసగా గుర్తొచ్చారు. అందులో ఒకడు మా స్కూలు గేటు దగ్గరే కూతుర్ని జడ పట్టుకుని లాగినవాడు. నా దవడలు బిగుసుకున్నాయి. ఎస్సై రెండో ప్రశ్న చెప్పేలోపే నేనే అందుకున్నాను.

"తాగొచ్చాడా?"

పిల్ల మొదటిసారి తలెత్తి నా మొహంలోకి చూసింది. చూసి, తల ఊపింది.

"అంతకు ముందు కూడా కొట్టేవాడా?"

మళ్ళీ నా మొహం చూసింది. మళ్ళీ ఊపింది.

"ఎవరికైనా చెబితే చంపుతానన్నాడా?"

ఈసారి ఊపలేదు. "సెప్తే..." అని ఆగింది.

అప్పుడు గ్లాసులో నీళ్ళు కదిలాయి. తర్వాత బల్ల, ఆ తర్వాత గోడ మీది గడియారం. "బాహర్! బాహర్!" అని వరండాలో ఎవరో అరిచారు. ఎస్సై పిల్లను రెండు చేతుల్తో ఎత్తుకుని పరిగెత్తింది. నేను వాళ్ళకన్నా ముందే బయట ఉన్నాను. ఎలా వచ్చానో గుర్తులేదు. ఆవరణలో నిలబడ్డాక కదలిక ఆగింది. పిల్ల మాత్రం ఎస్సై భుజం మీద వణుకుతూ ఒకటే మాట అంటోంది. "నాను సెప్పనేదు. నానేటీ సెప్పనేదు."

"చూశారా మేడమ్," అన్నాను. "తండ్రంటే ఎంత భయమో."

తర్వాత కాగితం మీద రాసేటప్పుడు ఎస్సై ఆగింది. "బాబు అంటే?"

"నాన్న. మా వైపు అలాగే అంటారు."

"పక్కా?"

"నా తెలుగు మీద అనుమానమా మీకు?"

ఆమె నన్ను ఒక్క క్షణం చూసి, రాసింది. కింద నేను సంతకం పెట్టాను. గుండ్రంగా, స్పష్టంగా, పిల్లల ప్రోగ్రెస్ కార్డు మీద పెట్టినట్టే.

తండ్రిని ఆ మధ్యాహ్నమే తెచ్చారు. మర్నాడు ఇంకేదో కాగితం పని మీద వెళ్తే వరండాలో నేల మీద కూర్చుని కనిపించాడు. బక్కపల్చటి మనిషి, ముప్పై దాటి ఉండవు, గడ్డం అప్పుడే నెరిసింది. నేనెవరో ఎవరో చెప్పినట్టున్నారు. లేచి చేతులు జోడించాడు.

"టీచరమ్మా, మీరు తెలుగోళ్ళంట. మీరైనా సెప్పండమ్మా. నా పిల్లని నానేనాడూ కొట్టనేదు."

"తాగినవాడికి ఏం చేశాడో గుర్తుంటుందా?"

"తాగీవోణ్నే. కొట్టీవోణ్ని గాదు."

"ఆ రెండింటికీ మధ్య ఎంత దూరముందో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

అతను చేతులు దించేశాడు. కూర్చుండిపోయాడు. మంచి జవాబిచ్చానని నాకు తృప్తి. ఆ తృప్తి కూడా నిజంగానే ఉండిందని రాయకపోతే ఇదంతా రాయడం దండగ.

ఎస్సై లోపలికి పిలిచి సంగతి చెప్పింది. తండ్రి మీద కేసు నిలిస్తే పిల్లకు ఈ దీవుల్లో ఇంకెవరూ లేరు. మెయిన్‌లాండ్‌లో ఒక పిల్లల హోము చూశారు. పది రోజుల్లో ఓడ ఉంది. అప్పటిదాకా గరాచర్మలో ఉన్న చిన్న హోములో ఉంచుతారు. "పిల్లకు అదే మంచిది," అన్నాను. అడక్కుండానే అన్నాను.

ఆదివారం బిస్కెట్ పొట్లం పట్టుకుని గరాచర్మ వెళ్ళాను. హోములో ఆయా ప్రోతరాపూర్ నుంచి రోజూ బస్సులో వచ్చే తెలుగావిడ. నన్ను చూడగానే మొదలుపెట్టింది.

"వచ్చారా దీదీ! ఈ పిల్లతో ఏగలేకపోతున్నాను. పొద్దు లేస్తే 'పాప కావాల, పాప కావాల' అని ఒకటే రాగం. మొన్న బొమ్మిచ్చాం. ఇసిరేసింది. పక్క మంచం పిల్ల బొమ్మ కూడా ఇచ్చి చూశాం. దాన్నీ ఇసిరేసింది. ఎలాంటి పాప కావాలో ఏటో, మహారాణికి!"

"పాతబొమ్మలు ఇచ్చుంటారు," అన్నాను.

"కొత్తవి మీ దుకాణంలో అమ్ముతారా?"

ఆమె నోరూ నా నోరూ ఒకే బడిలో చదివినట్టున్నాయి. మర్నాడు అబర్డీన్ బజార్‌లో మూడు దుకాణాలు తిరిగి మంచి బొమ్మను కొన్నాను. గులాబీ గౌను, పడుకోబెడితే కళ్ళు మూసుకుంటుంది. సాయంత్రం తీసుకెళ్ళి పిల్ల ఒళ్ళో పెట్టాను.

"ఇదిగోనమ్మా, పాప."

పిల్ల బొమ్మను చూసింది. నన్ను చూసింది. విసరలేదు. పక్కన పెట్టి మొహం గోడవైపు తిప్పుకుంది. "పాపా గావాల," అంది గోడతో.

"పాపే కదా ఇది!"

ఇంత మంచి బొమ్మ తెస్తే ఇంత పొగరా అనుకున్నాను. తల్లి లేని పిల్ల మీద కూడా నాకు ఉక్రోషం వచ్చింది. విసుగ్గా లేచి బస్సెక్కాను.

బస్సు నిండా జనం. నా ముందు సీట్లో యూనిఫాంలో ఒక చిన్నపిల్ల, పక్కన వాళ్ళ నాన్న కునుకు తీస్తున్నాడు. పిల్ల అతని చొక్కా లాగుతోంది. "పాపా! పాపా, ఖిడ్కీ బంద్ కరో నా. పానీ ఆ రహా హై."

వాన జల్లు నా మీద కూడా పడుతోంది. నేను కిటికీ మూయలేదు.

పాపా. ఈ దీవుల్లో ఏ పిల్లనడిగినా నాన్నకు అదే పేరు. తెలుగు పిల్లలు, తమిళ పిల్లలు, బెంగాలీ పిల్లలు, అందరికీ. మా ఎదురింటి పిల్లలకు కూడా. పన్నెండేళ్ళుగా రోజూ వింటున్న మాట. ఆ పిల్ల అడుగుతున్నది బొమ్మను కాదు; బొమ్మైతే గుడియా అనేది. నాన్నను. రోజూ పొద్దున లేచి నాన్న కావాలని ఏడుస్తుంటే మేం బొమ్మలు తెచ్చిస్తున్నాం.

మరి పాపా నాన్న అయితే, బాబు ఎవరు?

హిందీలో బాబు అంటే ఏమిటో నాకు కొత్తగా ఎవరూ చెప్పక్కర్లేదు. ఆఫీసులో గుమాస్తా బాబు. కౌంటర్లో బాబు. షెల్టర్ల స్టోరులో లిస్టు పట్టుకుని సామాను పంచేవాడు బాబు. నేను తెలుగు వినడానికి వచ్చాను కాబట్టి తెలుగే విన్నాను.

"రోకో! రోకో!" అని బస్సాపమంటూ లేచాను.

"స్టాప్ రానివ్వండి దీదీ," అన్నాడు కండక్టర్. "టికెట్ తీసుకున్నారుగా, ఎగ్గొట్టి దూకేవాళ్ళలా ఏమిటా తొందర?"

దిగి వానలోనే వెనక్కి నడిచాను. ఆయా తుండు ఇవ్వబోయింది. తీసుకోలేదు. పిల్ల ఇంకా గోడవైపే ఉంది. వీలైనంత మామూలుగా అడిగాను.

"మీ పాపా ఎక్కడున్నాడు?"

చటుక్కున తిరిగింది. ఆ కళ్ళు నాకు ఇప్పటికీ... సరే.

"పోలీసోల్లు తీసుకెల్లిపోనారు."

"మరి బాబు ఎవరు?"

పెదవులు లోపలికి మడిచేసుకుంది. నేలవంక చూస్తోంది, నేల ఏదో చేస్తుందన్నట్టు.

మర్నాడు ఎస్సై ఎదుట నిలబడి చెప్పుకోవడం నా జీవితంలో నేను చేసిన కష్టమైన పనుల్లో ఒకటి. ఆ స్థితిలో కూడా ముందు వాదించాను. బాబు అంటే మా వైపు నాన్నే, నేను చెప్పిన అర్థం తప్పు కాదు, ఏ నిఘంటువు తెచ్చినా చూపిస్తాను అని. ఆమె పెన్ను బల్ల మీద పెట్టి వింది. నేను అయిపోయాక అడిగింది.

"పిల్ల 'తాగొచ్చాడు' అందా?"

"తల ఊపింది."

"ఎవరడిగితే?"

నేను బల్ల మీది పెన్నును అటూ ఇటూ జరిపాను.

"మీ కోపం చూసి ఊపింది దీదీ. ఇంకో పది అడిగినా ఊపేది. 'ఏనుగు వచ్చిందా' అన్నా ఊపేది."

"అయితే ఇప్పుడు మళ్ళీ అడుగుదాం. స్టోరు బాబేనా అని అడిగితే..."

"దానికీ ఊపుతుంది." ఆమె గొంతు పెరగలేదు. పెరిగినా బాగుండేది. "ఆ మనిషి తప్పించుకోవడానికి ఇది చాలు. ఆ టీచరే ముందు తండ్రి అని చెప్పింది, తర్వాత నేనని చెప్పించింది అంటాడు. ఇప్పుడు నాకు పిల్ల మాట కావాలి. మీది కాదు."

వేరే తెలుగు మనిషిని పెడతానంది. పెట్టమన్నాను. మళ్ళీ ఆమే కాసేపు ఆలోచించి, పిల్ల ఇంకో కొత్త మొహానికి మొదటి నుంచీ అలవాటు పడాలంటే టైం లేదంది. ఓడ ఆరు రోజుల్లో ఉంది. "ఒక్క షరతు. నేను చెప్పింది తప్ప మీ నోట్లోంచి ఒక్క మాట రాకూడదు. మీ మొహంలోంచి కూడా."

ఆ సాయంత్రం మావారి ముందు కూర్చుని, పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన్ని ఒక సలహా అడిగాను. మొహంలో ఏమీ కనపడకుండా ఎలా ఉండాలి అని. ఆయన పగలబడి నవ్వారు.

"నిన్ను దుకాణంలో కూర్చోబెడితే మొదటి రోజే మూసుకోవాలి. నీ మొహం అద్దాల బీరువా." కాసేపు నవ్వాక, నేను తిరిగి ఏమీ అనకపోయేసరికి, ఆయనకే అనుమానమొచ్చి మామూలుగా చెప్పారు. "బేరగాడు సగానికి సగం అడిగితే నాకూ మండుతుంది. కాలి వేళ్ళు బిగిస్తాను. మంటంతా కిందికి పోతుంది. కాళ్ళు కౌంటరు వెనక ఉంటాయి, ఎవడికి కనపడతాయి?"

మర్నాడు పొద్దున గరాచర్మ. గదిలో వద్దు, ఆరుబయటే కూర్చుందాం, భూమి కదిలినా పరిగెత్తే పని ఉండదు అని నేనే అన్నాను. ఎస్సై ఒప్పుకుంది. యూనిఫాం లేకుండా సల్వార్ కమీజ్‌లో వచ్చింది. హోము వెనక ఏటవాలుగా ఉన్న చోట, పోకచెట్లు దాటి ఖాళీగా ఉన్న జాగాలో చాప వేశాం.

"నీకు ఏది చెప్పాలనుంటే అది చెప్పు," అన్నది ఎస్సై మాట. నేను తెలుగులో అన్నాను, అంతే.

పిల్ల నన్ను పరీక్షగా చూసింది. వేళ్ళు బిగించాను.

"ఇక్కడికి వస్తాదా?"

"ఏది?"

"సముద్రం."

రాదమ్మా, ఇంత దూరం ఎలా వస్తుంది అని నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి ఎస్సైకి హిందీలో చెప్పాను. "రాదని మాటివ్వొద్దు," అంది ఆమె. "తననే చూడమనండి."

ముగ్గురం గట్టు పైదాకా ఎక్కాం. అక్కడి నుంచి సముద్రం చెట్ల సందున సన్నటి గీతలా కనిపిస్తుంది. మధ్యలో ఇళ్ళ కప్పులు, రోడ్డు, పాకుతున్నట్టు ఒక బస్సు. పిల్ల కట్టు లేని చేత్తో కప్పులు లెక్కపెట్టింది. లెక్క తప్పి మళ్ళీ మొదటి నుంచీ లెక్కపెట్టింది. తర్వాత, సముద్రం వైపే చూస్తూ, చాలా మెల్లగా అంది.

"కిరసనాయిలుకి ఎల్లినాను."

ఆగింది. గీతవంక చూస్తూ నిలబడింది. మేమూ నిలబడ్డాం. కాకులు అరిచాయి. బస్సు మలుపు తిరిగి పోయింది. ఎంతసేపో. గీత గీతలాగే ఉంది.

"రేపు," అంది పిల్ల, వెనక్కి తిరిగి నడుస్తూ.

అప్పుడర్థమైంది, ఒక మాట చెప్పి సముద్రం వస్తుందో రాదో చూస్తోంది. రోజుకొక్క మాట చొప్పున! ఓడ ఐదు రోజుల్లో ఉంది. "ఇలాగైతే ఎప్పటికవుతుంది మేడమ్?" అన్నాను దిగేటప్పుడు.

"ఎప్పటికైతే అప్పటికి. ఇవ్వాళ మీరు బాగున్నారు."

బాగున్నానట! నా కాలి వేళ్ళు తిమ్మిరెక్కి మెట్టు మీద పట్టు దొరకడం లేదు.

రెండో రోజు మూడు మాటలు. స్టోరు ఎనకాల జీపు ఉన్నాది. ఆగి, చూపు. టార్పాలిన్లు ఎక్కిస్తన్నారు. ఆగి, చూపు. నాను సూసినాను. ప్రతి మాటకూ నాకు పది ప్రశ్నలు పుట్టాయి. ఎవరు ఎక్కిస్తున్నారు, ఎంతమంది, ఎప్పుడు. ఒక్కటీ అడగలేదు. పన్నెండేళ్ళ టీచరు పనిలో, జవాబు కోసం పిల్లవైపు చూడకుండా కూర్చున్న రోజు అదొక్కటే అనుకుంటాను.

మూడో రోజు ఎండ కాసింది. పిల్ల పైకి ఎక్కుతూ ఎక్కుతూ, అడక్కుండానే, "బాబు నన్ను సూసీసినాడు," అంది.

పైన కూర్చున్నాక, ఎస్సై అడగమన్నది అడిగాను. "బాబు ఏం పని చేస్తాడు?"

"కిరసనాయిలు ఇస్తాడు. దుప్పట్లు ఇస్తాడు. పేరు సదివి టిక్కు ఎడతాడు."

నా లోపల ఏదో లేచింది. సంతోషమో, ఏడుపో, వాడి గొంతు పట్టుకోవాలన్న కసో, అన్నీ కలిసి లేచాయి. పిల్ల నావైపు తిరగకముందే కిందికి తోసేశాను. "టిక్కు పెడతాడు," అని హిందీలో ఎస్సైకి చెప్పాను, బస్సు నంబరు చెప్పినట్టు.

"తర్వాత?"

"సెయ్యి ఎనక్కి తిప్పీసినాడు. పీక ఒడిసి పట్టినాడు. సెప్తే..."

భూమి కదిలింది.

చిన్నదేం కాదు. పోకచెట్ల తలలు గాలి లేకుండా ఊగాయి. కింద హోములో గిన్నెలు పడ్డాయి. ఆయా కేకలు. నా ఒళ్ళంతా లేచి పరిగెత్తమంటోంది. ఎక్కడికో తెలీదు, పరిగెత్తమంటోంది. ఆ అల వచ్చిన రోజున నేనూ బజార్లో చెప్పులు వదిలేసి పరిగెత్తిన మనిషినే.

పిల్ల నేలవంక చూడలేదు. సముద్రం వంక చూడలేదు. నా మొహం వంక చూసింది.

వేళ్ళు బిగించాను. ఎంత బిగించానంటే ఎడమ చెప్పు వారు పుటుక్కున తెగింది. కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉన్నాను. చెట్లు ఊగి ఊగి ఆగాయి.

"వస్తాదా?" అంది పిల్ల, పెదవులతోనే.

రాదని చెప్పకూడదు. వస్తుందని చెప్పలేను. హిందీలో ఎస్సైని అడిగాను, ఒక్క ప్రశ్న నేను అడగొచ్చా, కేసు గురించి కాదు, భూమి గురించి అని. ఆమె తల ఊపింది.

"ఆసుపత్రిలో ఉన్నప్పుడు నువ్వు ఎవరికైనా ఏమైనా చెప్పావా?"

"నేదు."

"అప్పుడు భూమి కదిలిందా, కదల్లేదా?"

పిల్ల ఆలోచించింది. "కదిలింది. మంచం జరిగింది. నర్సు దీదీ టేబులు కిందకి దూరింది."

"మరి నువ్వేమీ చెప్పలేదుగా. ఎందుకు కదిలింది?"

చాలాసేపు ఆలోచించింది. నేను ఆ మొహంలోకి చూస్తూ నోరు మూసుకుని ఉన్నాను. వాదన గెలవడానికి కాదు నేను అడిగింది. మొదటిసారి.

"ఊరికినే," అంది పిల్ల.

"ఊరికినే," అని ఎస్సైకి చెప్పాను.

అప్పుడు సముద్రానికి వీపు పెట్టి కూర్చుని మిగిలింది చెప్పేసింది. ఈసారి ఆగి చూడలేదు. "సెప్తే సముద్రం మళ్ళా వస్తాది అన్నాడు. ఈపాలి మీ పాపాని తీసుకెల్తాది అన్నాడు. నాను పోలీసు గదిలో 'బాబు' అని సెప్పీసినాను. అప్పుడే భూమి కదిలింది. పాపాని తీసుకెల్లిపోనారు."

ఈ మాటలు నేను హిందీలో తిప్పి చెప్పాలి. మాటకు మాట చెప్పాను. పాపాని తీసుకెళ్ళింది సముద్రం కాదు, నా సంతకం అన్నది అందులో లేదు. పిల్ల ఆ మాట అనలేదు కాబట్టి నేనూ కలపలేదు.

"పాపా గురించి చెప్పు," అంది ఎస్సై ఆఖరున.

"పాపా తాగుతాడు. తాగితే ఏడుస్తాడు. నాను అన్నం ఎడతాను. తినీసి తొంగుంటాడు."

ఓడకు ముందు రోజు తండ్రిని వదిలిపెట్టారు. షెల్టర్ల టార్పాలిన్లు దొంగగా అమ్ముకుంటున్న స్టోరు మనిషిని పట్టుకున్నారు. ఆ కేసు ఏళ్ళు నడిచింది, అది వేరే సంగతి. నా పాత కాగితాన్ని చించేయమని ఎస్సైని అడిగాను. "ఏదీ చించం దీదీ," అంది. దానికి వెనక కొత్త కాగితం కుట్టింది. రెండింటి మీదా నా సంతకం ఉంది.

పిల్లను తీసుకెళ్ళడానికి తండ్రి గరాచర్మ వచ్చిన పూట నేనూ వెళ్ళాను. గేటు దాటకముందే "పాపా!" అని అరుపు వినపడింది. ఆయా నోటి మీద చెయ్యేసుకుంది. "ఓర్నాయనో, ఇదా పాప," అంది.

అతను పిల్లను దించకుండానే నా దగ్గరకు వచ్చాడు. నేను ముందే కూర్చుకున్న మాటలన్నీ పోయాయి. "తప్పు నాది," అన్నాను. "బాబు అంటే నాన్న అనుకున్నాను."

"నానూ మా అయ్యని బాబూ అనే పిలిసీవోణ్ని టీచరమ్మా," అన్నాడు. "ఇది ఈ దీవుల్లో పుట్టినాది. దీనికి నాను పాపా అయిపోనాను. నన్నలాగ బాబూ అని పిలిసీవోలు ఎవులూ నేరు." పిల్లను చంక మార్చుకుని, "మీరు విన్నాది మా ఊరి మాటే," అన్నాడు.

ఓదార్చడానికే అన్నాడు. వరండాలో నేనన్న మాట అతను గుర్తు చేయలేదు.

బస్సు వస్తుంటే పిల్ల తండ్రి చంక దిగి లోపలికి పరిగెత్తింది. గులాబీ గౌను బొమ్మను ఒంటి చేత్తో పట్టుకుని తిరిగొచ్చి నాకు చాచింది. కదిపేసరికి దాని కళ్ళు మూసుకున్నాయి.

"నీ గుడియా," అంది.

ఉంచుకోమ్మా, నీకోసమే తెచ్చాను అనబోయాను. అనలేదు. రెండు చేతుల్తో తీసుకున్నాను.